బ్రేకులో గాలి

"నొక్కమంటే నొక్కల్ల, పట్టమంటే పట్టల్ల, వదలమంటేనే వదలల్ల! ఇంతే కదమ్మే నేను చెప్పింది?" కారు వెనక చక్రం పక్కన నేల మీద పడుకుని అరిచాడు బసవన్న.

డ్రైవరు సీట్లోంచి నాగలక్ష్మమ్మ తల బయటికి పెట్టింది. "నువ్వు వదులంటేనే వదిలినా. నట్టు బిగించకముందే వదులంటాండావు. అందుకే గాలి మళ్లా లోపలికి పోతాంది."

"బండి తోలేది నువ్వా నేనా?"

"నువ్వే."

"అయితే గమ్మునుండు."

తెల్లారితే మహానందిలో మనవరాలికి పుట్టెంట్రుకలు. బ్రేకు ఆయిలు కారుతోందని బసవన్న తానే కొత్త గొట్టం వేశాడు. దాంతో లోపల గాలి చేరింది. పెడల్ మీద కాలు పెడితే బురదలో దిగినట్టు దిగిపోతోంది. మెకానిక్కు దగ్గరికి తీసుకుపొమ్మంటే వినడు. ఆ కారు మీద పరాయి చెయ్యి పడితే అతనికి నిద్రపట్టదు. ఇంట్లోవాళ్లని కూడా స్టీరింగు ముట్టనివ్వడు. గాలి తీయడానికి ఇద్దరు కావాలి కాబట్టే ఈపొద్దు భార్యకు ఆ సీటు దొరికింది.

"నొక్కు! పట్టు!"

స్పానరుతో నట్టు వదులు చేశాడు. ప్లాస్టిక్ పైపులోంచి సీసాలోకి ఆయిలుతోపాటు బుడగలు బుడబుడా వచ్చాయి. ఈసారి ముందు నట్టు బిగించి, ఆ తర్వాతే "వదులు" అన్నాడు. కొంతసేపటికి బుడగలు తగ్గాయి. ఆ తర్వాత అసలు లేవు. ఆమె చెప్పిందే నిజమని తెలిసినా పైకి అనలేదు.

నాలుగు చక్రాలూ అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

"పెడల్ రాయి మాదిరుండాది," అంది నాగలక్ష్మమ్మ.

బసవన్న ముఖం విప్పారింది. జాకీ దించి, ఆయిలు నింపి మూత బిగించాడు. "చేతులు కడుక్కొని వస్తా. ఒక చుట్టు తిప్పి చూద్దాం," అంటూ పెరట్లోకి పోయాడు.

సబ్బు రుద్దుకుంటుండగా ఇంజను చప్పుడు వినిపించింది. పరిగెత్తుకుంటూ ముందుకు వచ్చాడు. గేటు బార్లా తెరిచి ఉంది. కారు లేదు. నాగలక్ష్మమ్మా లేదు.

"అయ్యో, తాళం తిప్పిందేమో! గేరులో ఉన్నట్టుంది బండి!"

నురగ చేతులతోనే వీధిలో పడ్డాడు. ఇస్త్రీ బండి నడిపే ఏసేపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"యాడికి పోయింది అప్పా?"

ఏసేపు మలుపు వైపు చెయ్యి చూపించాడు. ఆ మలుపు తిరిగితే పెద్దరోడ్డు. బస్సులు, ఆటోలు. కడపటి చక్రం నట్టు బిగించినానా లేదా? ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. కారు పోతే పోయింది, మనిషి దక్కితే చాలు స్వామీ అనుకుంటూ మలుపుదాకా పరిగెత్తాడు. అక్కడ కారూ లేదు, గుంపూ లేదు.

వెనక హారను మోగింది.

వెనక వీధి గుండా చుట్టు తిరిగి వచ్చిన కారు, కుదుపనేది లేకుండా నెమ్మదించి అతనికి జానెడు దూరంలో ఆగింది. నాగలక్ష్మమ్మ గేరు తీసి, హ్యాండుబ్రేకు లాగి, అద్దం దించింది.

"బ్రేకు శానా బాగా పడుతాండాది. ఒక పక్కకు గుంజడం కూడా లేదు."

తిట్టాలనుకున్నాడు. కానీ ముందు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ తర్వాత ఎందుకో నవ్వొచ్చింది.

"ఎప్పుడు నేర్చినావమ్మే?"

"నువ్వు బైకు మీద అంగడికి పోయినాక, రోజూ పొద్దున. పక్కింటి షమా నేర్పించింది."

బసవన్న తలుపు తీసి, బుద్ధిగా పక్క సీట్లో కూర్చున్నాడు. "రేపు మహానందికి నువ్వే తోలు. అయినా పాపం, నీకు నేర్పించేలోపల ఆ షమా వాళ్ల కారుకు ఎన్ని గీతలు పడినాయో ఏమో!"

నాగలక్ష్మమ్మ మొదటి గేరు వేసింది.

"షమా వాళ్లకు కారు యాడుండాది?"