గుండె సినిమా

పిల్లల గుండెలోకి సన్నగొట్టం పంపి రంధ్రం మూస్తుంటే, బంధువులు హాల్లో కూర్చుని తెరమీద చూడటం అప్పటికి పెళ్లి చూసినంత మామూలైపోయింది. ఒంగోలు ఆసుపత్రిలో నాలుగేళ్ల సలోమీ లోపల బల్లమీదుంది. తల్లి ఎస్తేరు తలుపు దగ్గర తచ్చాడుతోంది.

"బొమ్మ మసగ్గా ఉందేందిరా!" మరమరాలు నములుతూ బావగారు దావీదు కుర్చీకున్న మీట నొక్కాడు. తెర తళతళలాడింది. బంధువులు చప్పట్లు కొట్టారు.

తెర వెలిగిందంటే బిడ్డమీద ఎక్స్‌రే పెరిగినట్టే. ఎస్తేరు గాజుతలుపు బాదింది.

"డాక్టరుగారూ, ఆ వెలుగు మీక్కావాలా?"

"నాకెందుకమ్మా? మసకలోనూ గొట్టం కనపడుద్ది. హాల్లోవాళ్లే అడుగుతున్నారు," అంది మైకులోంచి డాక్టరు.

"బావగారూ, మీట వదలండి."

"ఊరుకో అమ్మాయ్! వీడియో మనోళ్లందరికీ చూపించొద్దా?"

"రేపు బిడ్డకి కేన్సరొస్తే అదీ చూస్తారా, మరమరాలు తింటా?"

ఎస్తేరు తెర తీగ పట్టి లాగిపారేసింది. తెర ఆరింది, దాంతోపాటే లోపల ఎక్స్‌రే తగ్గింది. "దీనికి మర్యాద తెలీదు," అంటూ దావీదు బంధువుల్ని లేవదీసుకుని వెళ్లిపోయాడు.

హాల్లో ఒక్క ముసలమ్మ మిగిలింది, చంకలో మనవడితో. "తర్వాత మావాడేనమ్మా," అందామె. "మావోళ్లు వచ్చేలోపు ఆ తీగ ఎక్కడన్నా దాచెయ్."