వెనక సీటు బెల్టు

ఆ పొద్దున మబ్బు పట్టింది కానీ చినుకు రాలలేదు. సేటు పెద్దకారు నడిపే నర్సప్పకు భార్య పార్వతీబాయి పోయి సరిగ్గా నెల. నెల కింద, బీడీలు చుట్టే ఆమెను అదే కారులో ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, "కుదుపులు ఓర్వలేను, మెల్లగ పోనియ్యి" అన్నది. జోరుగా ఉరికే స్పోర్ట్ మోడ్ తీసి, కుదుపు తెలియని కంఫర్ట్‌లో పెట్టాడు. దారిలో, అశోక్ చౌక్ దగ్గరే ఆమె పోయింది.

"ఉరికిస్తే అమ్మ బతికేది" అన్న కూతురు ప్రణాలి మళ్లీ అతనితో మాట్లాడలేదు.

నెల నిండిన ఆ రాత్రి ఖాళీ కారును స్పోర్ట్‌లో తోలాడు. అశోక్ చౌక్ దగ్గర దానంతటదే కంఫర్ట్‌కు మారింది. వెనక సీటు బెల్టు పెట్టుకోమని గంట మోగింది. టక్కుమని చప్పుడై, గంట ఆగింది. నర్సప్ప వెనక్కి చూడలేదు. ఇంటిదాకా మెల్లగానే వచ్చాడు.

తలుపు తీసిన ప్రణాలి ఆగిపోయింది.

"నాయినా, బీడీ తంబాకు వాసనేంది? అమ్మ చేతుల వాసన."

"మెల్లగ పోనియ్యమన్నది బిడ్డా."

ప్రణాలి మూడు పళ్లాల్లో జొన్నరొట్టెలు పెట్టింది.