గోధుమరంగు బొత్తాలు

పరాయి దేశపు బజార్లో తెలుగు ఎవరికీ అర్థం కాదని వేదవతికి గట్టి నమ్మకం.

అందుకే అక్వేరియం దుకాణంలో నిలబడి, మొగుడితో ఫోన్లో వీధి చివరికి వినబడేలా మాట్లాడుతోంది. కృష్ణప్రసాద్ డ్యూటీ దూరాన మదీనత్ అల్ షమాల్ అనే ఊళ్ళో. వారాంతానికే ఇంటికొస్తాడు.

"కొత్త కోరల్, ఆ పగడం పువ్వు, తొట్టిలోకి తెచ్చిన రోజు నుంచీ ముడుచుకునే ఉంది. చచ్చిపోతుందని చరిత ఒకటే ఏడుపు. దుకాణంవాడేమో లైటు తగ్గించండి, ఓపిక పట్టండి అంటున్నాడు."

"పట్టు మరి."

"ఏం పట్టేది! అదే రాయి మీద గోధుమరంగు బొత్తాల్లాంటివి మొలిచి దాన్ని ఊపిరాడనివ్వడం లేదు. రాయిని బయటికి తీసి, వాటి మీద సలసలా కాగే నీళ్ళు పోసేస్తా. పీడా పోతుంది. నువ్వెలాగూ శుక్రవారం దాకా రావు."

"నీ ఇష్టం. సైట్లో ఉన్నా, పెట్టేస్తున్నా."

ఆమె వెనక్కి తిరిగేసరికి ఒక మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ముఖానికి మాస్కు. ఎర్రటి కళ్ళు. చంకలో ఖాళీ గాజుతొట్టి.

ఏదో అనబోయాడు. మాట రాలేదు. గొంతులోంచి గరగరమని చప్పుడు మాత్రం వచ్చింది.

వేదవతి కూతురు చరిత చెయ్యి పట్టుకుని గబగబా కారెక్కింది.

అల్ తుమామాలోని ఇంటి దాకా కారు అద్దంలో ఒకటే టాక్సీ.

"అమ్మా, ఆ అంకుల్ మన వెనకే వస్తున్నాడు."

"నువ్వు వెనక్కి చూడకు!"

ఫ్లాట్లోకి వచ్చి గడియ పెట్టింది. పనిలో పడితే భయం పోతుందనుకుంది. స్టవ్ మీద గిన్నెడు నీళ్ళు పెట్టింది. తొట్టిలోంచి రాయి తీసి సింకులో పెట్టింది. ఏసీ వేసి ఉంది, కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

చరిత స్టూలెక్కి సింకులోకి తొంగి చూస్తోంది.

"దీనికి నొప్పి పుడుతుందా అమ్మా?"

"ఏం పుట్టదు."

నీళ్ళు తెర్లాయి. గిన్నె దించబోతుంటే బెల్ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది.

తలుపు కన్నంలోంచి చూసింది. అదే మాస్కు.

"అమ్మా... తలుపు తియ్యుండ్రి..."

తెలుగు! దేవుడా! తెలుగు వినబడగానే ఆమెకు ధైర్యం రాలేదు సరికదా, భయం రెట్టింపైంది. దుకాణంలో తను అన్నదంతా విన్నాడన్నమాట. శుక్రవారం దాకా ఇంట్లో మగదిక్కు లేదన్న సంగతి కూడా.

"పోతారా, పోలీసుల్ని పిలవమంటారా?"

"పిలువుండ్రి..." ఆ గొంతు మాటమాటకీ తెగిపోతోంది. "బిడ్డను... ముందుగాల బిడ్డను బయటికి పంపుండ్రి!"

అయ్యో, పిల్ల కోసం వచ్చాడు!

తెలుగు తెలిసిన వాచ్‌మన్‌కి ఫోన్ చేసి అరిచింది. "హుస్సేన్ భాయ్! జల్దీ ఊపర్ ఆవో! మా పాపని ఎత్తుకుపోతానంటున్నాడు!"

హుస్సేన్ మెట్లెక్కి వచ్చాడు. చొక్కా పట్టుకున్న చప్పుడు, పెనుగులాట, "యల్లా, చలో నీచే!" అంటూ కిందికి తరిమే గదమాయింపు. మెట్ల మీంచి ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని ఆ మనిషి చివరిసారి అరిచాడు.

"వేడినీళ్ళు పొయ్యకుండ్రి అమ్మా! ఆవిరి విషం!"

కాళ్ళ చప్పుడు కిందికి దిగిపోయింది.

వేదవతి వంటింట్లోకి వచ్చి గిన్నె ఎత్తింది. చరిత ముఖం ఇంకా రాయి మీదే ఉంది. గిన్నె వంచబోయి ఆగిపోయింది. పిచ్చోడి మాటలే కావచ్చు. అయినా చెయ్యి రాలేదు.

గిన్నె పక్కన పెట్టి కృష్ణప్రసాద్‌కి రాయి ఫోటో పంపింది. జరిగింది చెప్పింది.

"ఆవిరి విషమేమిటి? ఉండు, దుకాణంవాణ్ణి అడుగుతా," అన్నాడు.

కాసేపటికి ఫోన్ మోగింది. కృష్ణప్రసాద్ అరుస్తున్నాడు.

"పోశావా? వేదా, పోశావా?"

"లేదు..."

"చరితేదీ?"

"ఇక్కడే, సింకు దగ్గర..."

"దూరంగా లాగు! ఆ బొత్తాల్లాంటి జీవుల్లోనే విషముంటుందట. వేడినీళ్ళు పోస్తే ఆవిరితో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుందట. మూసిన గదిలో, అందులోనూ చిన్నపిల్ల..."

వేదవతి పిల్లని గుండెకి అదుముకుని సింకు దగ్గర్నుంచి ఇవతలికి వచ్చేసింది. కిటికీలన్నీ తెరిచి, ఇద్దరి చేతులూ సబ్బుతో కడిగింది. గ్లవుజులు వేసుకుని రాయిని తొట్టిలో పెట్టేసి, చరితతో కిందికి పరుగెత్తింది.

"భాయ్, ఆయనేడీ?"

"పంపించేసిన మేడం. సామాను టాక్సీలోనే ఉంది. దేశం వదిలి పోతున్నడంట, ఫ్లైటు టైమైపోయింది అన్నడు." హుస్సేన్ ఫోన్ చూపించాడు. "ఆయన ఐడీ కార్డు ఫోటో తీసిన. గంగాప్రసాద్ అంట."

సాయంత్రానికి కృష్ణప్రసాద్ సెలవు పెట్టి వచ్చేశాడు. తొట్టి లైటు తగ్గించాడు. కోరల్ ఇంకా ముడుచుకునే ఉంది.

"బతుకుతుందా నాన్నా?"

"మనం దాని జోలికి పోకపోతే బతుకుతుందమ్మా."

"పాపం, ఆయన్ని కొట్టించినంత పని చేశాను," అంది వేదవతి. "అసలా గొంతు వింటేనే వణుకొచ్చింది. పేరు గంగాప్రసాదట."

కృష్ణప్రసాద్ చెయ్యి తొట్టి మీదే ఉండిపోయింది.

"గంగాప్రసాద్ గారా?" అన్నాడు. "నువ్వొచ్చి ఆర్నెల్లేగా, నీకు తెలీదు. పోయినేడు ఇంట్లో ఇలాంటి రాయి మీదే వేడినీళ్ళు పోసి ఎవరో గొంతు పోగొట్టుకున్నారని దుకాణంవాడన్నాడు, ఈయనేనన్నమాట! అప్పటిదాకా ఇక్కడ మన తెలుగువాళ్ళ పండగలన్నిట్లో పాటలు పాడింది ఆయనే వేదా."