కోర్టు దాకా

పిలిచిన టాక్సీ ఫోన్‌లో మ్యాపు మీద ఉన్నచోటే ఉంది. హోటల్ మెట్ల మీద పెద్దాయన అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"అది రాదు సార్," అన్నాడు హోటల్ మేనేజర్. "బస్సులవాళ్ళు నడిరోడ్డు మీద బైఠాయించారు. ఊరంతా జామే."

పెద్దాయన మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చాడు.

ఈ పరాయి దేశంలో ఆయనకు తెలిసిన మనిషి లాయరొక్కడే. "తండ్రిగా మీరొచ్చి మాట్లాడకపోతే, జడ్జి ఏదో జరిమానా వేసి వదిలేస్తాడు," అని ఆ లాయరు ముందే చెప్పి, ఆయన దిగే హోటల్ అడ్రసు కూడా కోర్టు కాగితాల్లో రాయించాడు. ఆ మాట పట్టుకునే ఇంత దూరం వచ్చాడు.

రోడ్డుకు అవతలి పక్క స్కూటర్ మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. తలకు హెల్మెట్, ముక్కు మీద మాస్కు, మెడదాకా రెయిన్‌కోటు.

"కోర్టుకేనా? ఎక్కండి," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.

హోటల్ వాళ్ళు మాట్లాడిపెట్టిన మనిషి కాబోలనుకుని పెద్దాయన ఎక్కి కూర్చున్నాడు.

సందులోంచి బయటపడగానే కందిరీగల తుట్టె కదిలినట్టుంది ఊరు. ఎటు చూసినా స్కూటర్లే. అడ్డంగా వచ్చేవాళ్ళు, ఎదురొచ్చేవాళ్ళు, పేవ్‌మెంటు ఎక్కేవాళ్ళు.

అంతమంది తోసుకుపోతుంటే ఇతనొక్కడే ప్రతి మలుపులోనూ ఆగి చూస్తున్నాడు.

"పెళ్ళి ఊరేగింపా ఇది? తొందరగా పోనీ," అని కసిరాడు పెద్దాయన.

"టైముకి చేరుస్తాను. గట్టిగా పట్టుకోండి."

"నిన్ను పట్టుకునేదేంటి? నాకు స్కూటరంటేనే అసహ్యం. నా కూతురు ఈ ఊళ్ళోనే స్కూటర్ మీద పోతుంటే వ్యాన్ గుద్దింది."

అతను స్కూటర్ వేగం ఇంకా తగ్గించాడు.

"ఒక్కగానొక్క పిల్ల. వంతెనలు కట్టే కంపెనీలో పని. ఫోన్ చేస్తే చాలు, 'నాన్నా, నా వంతెన మీద నిన్ను నడిపిస్తాను' అనేది."

"ఏ వంతెన?" అని మెల్లగా అడిగాడతను.

"ఏదైతే నీకెందుకు? గుద్దినవాడు ఆగనన్నా ఆగలేదు. రోడ్డు మీద వదిలేసి పోయాడు. ఇప్పుడు బెయిలు మీద దర్జాగా తిరుగుతున్నాడు."

ఎర్ర లైటు పడింది. స్కూటర్ ఆగింది.

"ఆగి ఆస్పత్రికి తీసుకెళ్ళుంటే... బతికేదా?"

"బతికేదనే డాక్టర్లు చెప్పారు."

పచ్చ లైటు పడింది. అతను కదల్లేదు. వెనకనుంచి హారన్లు చెవులకు చిల్లులు పొడుస్తున్నాయి.

"నిద్రపోతున్నావా?" అని పెద్దాయన అతని వీపు మీద ఒక్కటి చరిచాడు.

స్కూటర్ ముందుకు దూకింది.

మార్కెట్ దగ్గర ఒక లారీ చూసుకోకుండా పక్కకు తిరిగి మీదికొచ్చింది. అతను హ్యాండిల్ గోడవైపు తిప్పి, తన కాలు అడ్డం పెట్టాడు. గోడకు మోకాలు గీరుకుపోయింది. పెద్దాయన చొక్కాకు దుమ్మైనా అంటలేదు.

"మీకేం తగల్లేదు కదా?"

"నడపడం రానివాడివి ఎక్కించుకోవడమెందుకు? నీలాంటివాళ్ళే మనుషుల్ని చంపేది."

అతను తలూపాడు. కుంటుతూనే స్కూటర్ సరిచేసి మళ్ళీ స్టార్ట్ చేశాడు.

కోర్టు గేటు కనిపించాక అడిగాడు. "లోపల ఏం చెబుతారు?"

"వాడు మనిషి కాదని చెబుతాను. జైల్లో కుళ్ళిపోవాలని చెబుతాను."

"చెప్పండి. ఏదీ మిగుల్చుకోకండి."

స్కూటర్ ఆపి, గది ఎటుందో చేత్తో చూపించాడు. పెద్దాయన వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పరిగెత్తాడు.

కాసేపటికి కేసు పిలిచారు. "అదుగో, ఆ బోనులోవాడే," అని లాయరు చెవిలో చెప్పాడు.

పెద్దాయన అటు చూడలేదు. "వాడి మొహం చూడొద్దు. మీది జాలిగుండె, కరిగిపోతారు," అని బయల్దేరేటప్పుడు భార్య ఒట్టు వేయించుకుంది. అందుకే జడ్జినొక్కణ్ణే చూస్తూ చెప్పాడు. నోరు ఎండిపోయేదాకా చెప్పాడు.

జడ్జి బోనువైపు తిరిగి ఏదో అడిగాడు. అక్కణ్ణుంచి ఆ దేశపు భాషలో ఒక్క ముక్క జవాబొచ్చింది.

"నేరం ఒప్పుకున్నాడు," అన్నాడు లాయరు. "జైలు శిక్ష పడింది. మీరు రాకపోతే ఇవాళ ఇంటికెళ్ళిపోయేవాడు."

పెద్దాయన వరండాలోకి వచ్చి భార్యకు ఫోన్ చేశాడు. "అయిపోయిందే," అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చాడు స్కూటరతను. దారి పొడుగునా తిట్టాడు. కొట్టాడు కూడా. పాపం, పల్లెత్తు మాటనలేదు. మోకాలికి కట్టైనా కట్టించి, ఒక మంచి మాట చెప్పాలి.

గేటు దగ్గర స్కూటర్ ఉంది. మనిషి లేడు.

"ఇతను ఎటు వెళ్ళాడు? నన్ను తీసుకొచ్చినతను," అని కాపలావాణ్ణి అడిగాడు.

కాపలావాడు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"మీ కేసులో ముద్దాయే కదా సార్ అతను, ఇందాకే వెనక గేటు నుంచి జైలుకు తీసుకెళ్ళిపోయారు."