బండికి రోగం లేదు

మెకానిక్కు శరవణన్‌ను తొరపాడి నుంచి బతిమాలి పిలుచుకొచ్చింది పాపన్. కారు ఉండేది మాత్రం పరదరామిలో మునిరాజు ఇంటి ముందు, రేకుల పందిరి కింద. తాళం మునిరాజు జేబులో. అయినా అది స్టార్ట్ కాకపోతే ప్రాణం మీదికి వచ్చేది పాపన్ భార్య వల్లికి.

పాపన్ ఇల్లు చివరి సందులో. ఆ సందు మగవాళ్ళు చావులకు డప్పు కొడతారు. మిగతా రోజులు గుడియాత్తం పోయి కాలవల్లో మురుగు ఎత్తుతారు.

వల్లికి కిడ్నీలు పోయాయి. వారం వారం వేలూరు పోయి రక్తం శుద్ధి చేయించుకోవాలి. బస్సు జనంలో ఆమెకు ఊపిరాడదు. పోయినసారి కారు మొరాయించింది, ఆసుపత్రి తప్పింది. కాళ్ళు దిమ్మల్లా వాచాయి. ఇంకొకసారి తప్పితే మనిషి దక్కదని నర్సు మొహం మీదే చెప్పింది.

ఇప్పుడు ఆ ఇంకొకసారి వచ్చింది.

"ఎప్పుడు మొరాయిస్తాదన్నా?" శరవణన్ బానెట్ ఎత్తుతూ అడిగాడు.

"అది తెలిస్తే నువ్వెందుకప్పా?" మునిరాజు నవ్వాడు. మల్లెపువ్వులాంటి చొక్కా. ఊళ్ళో పలుకుబడి ఉన్న మనిషి. "ఒగ దినం పిలిస్తే పలుకుతాది. ఇంగొగ దినం ఎనుము మాదిరి పండుకుంటాది."

డ్రైవర్ అజిత్ కూడా అదే చెప్పాడు. పెళ్ళిచూపులకు చిత్తూరు పోయింది, ఏ గొడవా లేదు. మునిరాజు అత్తను కంటి ఆపరేషన్‌కు తీసుకుపోయింది, ఏ గొడవా లేదు. రాత్రంతా వానలో తడిసి కూడా పొద్దున్నే లేచింది.

"సరే. లేవనిది ఎప్పుడు?"

అజిత్ తల గోక్కున్నాడు. పాపనే అందుకున్నాడు.

"మా సందోళ్ళకు కావాలంటేనే దీనికి జొరం వస్తాదప్పా. మా రాత అట్లుండాది."

శరవణన్ తల ఎత్తి అతని వైపు చూశాడు. పాపన్ కంగారు పడి గొంతు తగ్గించాడు.

"నువ్వు అనుకునేది కాదు. వీళ్ళు అట్లాంటోళ్ళు కాదప్పా. నాకు తెలీదా?"

శరవణన్ మళ్ళీ ఇంజిన్ మీదికి వంగాడు. బ్యాటరీ చూశాడు, బాగుంది. టెర్మినళ్ళు విప్పి గీకి మళ్ళీ బిగించాడు. ఫ్యూజు పెట్టె మూత తీసి ఒక్కో ఫ్యూజూ వెలుతురుకు పట్టి చూసి ఎక్కడిదక్కడే పెట్టాడు. తాళం తిప్పమన్నాడు. వెనకాల పెట్రోలు పంపు గుయ్యిమంది, ఇంజిన్ పట్టింది. ఆపి మళ్ళీ తిప్పారు. మళ్ళీ పట్టింది. ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి తిప్పారు. అప్పుడూ పట్టింది.

"బండికి ఏ రోగమూ లేదన్నా. వేలూరేంది, మదరాసు దాకా పోవచ్చు."

"నేను చెప్పలా!" పాపన్ మొహం వెలిగిపోయింది. "వల్లిని ఎత్తుకొచ్చేస్తా!" అని సందు వైపు పరుగెత్తాడు.

మునిరాజు భార్య సరసమ్మ మెకానిక్కును ఇంట్లోకి పిలిచింది. చేతులు కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది.

"తొరపాడిలో ఏ వీధి నాయనా మీది?"

"మెయిన్ రోడ్డు మీదే అమ్మా."

ఆమె ఇంకా ఏదో అడగాలనుకుంది. అడగలేదు. కాఫీ స్టీలు గ్లాసులో వచ్చింది. గడప పక్కన, పాపన్ కోసం కాబోలు, కాగితం కప్పులో ఇంకో కాఫీ చల్లారుతూ ఉంది.

బయట పాపన్ గొంతు వినబడింది. అతను వల్లిని వెనక సీట్లో కూర్చోబెడుతున్నాడు. ఆమె నోరు తెరిచి గాలి పీలుస్తోంది.

అజిత్ తాళం తిప్పాడు. స్టార్టర్ తిరిగింది. ఇంజిన్ ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆ దగ్గు కూడా లేదు.

"మా రాత..." అన్నాడు పాపన్.

శరవణన్ గ్లాసు కింద పెట్టి వచ్చి బానెట్ ఎత్తాడు. ఫ్యూజు పెట్టె మూత తీశాడు. పంపు ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీ.

"ఇందాక ఈడ ఫ్యూజు ఉండింది."

అజిత్ నేల చూపులు చూశాడు.

"మా వూర్లో ఎలకలు జాస్తిప్పా" అన్నాడు మునిరాజు.

"ఎలకలు వైర్లు కొరుకుతాయన్నా. ఫ్యూజు పెరికి మళ్ళీ మూత పెట్టిపోవు. నా సంచిలో ఇంగొగటి ఉండాది. వేస్తా."

మునిరాజు బానెట్‌ను మెల్లగా కిందికి దించాడు. తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"వద్దులే. నీకెందుకు శ్రమ?"

గడపలో నుంచి సరసమ్మ అంది. "సీట్ల గుడ్డలు నిన్ననే ఉతికి ఏసినాం నాయనా. రేపు మా ఆడోళ్ళు పెండ్లికి పోవాల."

వల్లికి వినబడింది. తనంతట తానే తలుపు తీసుకుని దిగబోయింది. కాళ్ళు నిలవలేదు. పాపన్ పట్టుకున్నాడు.

శరవణన్ తన మోటార్ సైకిల్ తీశాడు. వల్లిని మధ్యలో కూర్చోబెట్టి, పాపన్ వెనక నుంచి వాటేసుకుని పట్టుకున్నాడు. గుడియాత్తం చేరితే అక్కడ ఏదో ఒక బండి దొరక్కపోదు. ఆమె ఊపిరి ఈల వేసినట్టు శరవణన్ మెడకు తగులుతోంది.

ఊరు దాటాక అతను కోపం ఆపుకోలేకపోయాడు.

"ఈ దొరల వాకిళ్ళకాడ ఎన్నాళ్ళప్పా కాపు కాసేది? మీకు సిగ్గూ రోషం లేదా? మీ జనమంతా చేరి, తలా ఇంత ఏసుకొని, సొంతంగా ఒగ కారు కొనుక్కోలేరా?"

పాపన్ వల్లి తలను తన భుజానికి ఆనించుకున్నాడు.

"పెద్దవీధి చెంగల్రాయుడు మా ఎస్సీ కాలనీవాళ్ళను తన కారు ఎక్కనీలేదని, మా కాలనీ మునిరాజన్నే ముందర నడిస్తే నేను డప్పు కొట్టి, అందరం రోడ్డు మీద కూర్చొని లాఠీ దెబ్బలు తిని, కాలనీ అంతా చందాలేసుకొని కొన్నదే అప్పా ఆ కారు."