గోడ దాటిన వైరు

పక్కింటి కిటికీలోంచి బయల్దేరిన వైరు గోడ దాటి, గ్రిల్లు సందులోంచి తమ వరండాలోకి రావడం జాన్ ప్రసాద్ మేస్టారు కళ్ళారా చూశారు.

ఆ రోజే ఒంటిపూట బడులు మొదలయ్యాయి. లేకపోతే ఆయన ఎండవేళ ఇంటికి వచ్చేవారే కాదు.

వరండాలో, పొద్దున ఆపడం మరిచిన ఫ్యాను తిరుగుతోంది. కింద చేపల తొట్టి. గ్రిల్లుకి బయట, పక్కింట్లోకి కొత్తగా అద్దెకు దిగిన సింగన్న కింద కూర్చుని, చెయ్యి లోపలికి పెట్టి వైరు అందుకోబోతున్నాడు.

“ఏటయ్యా ఇది?”

సింగన్న ఉలిక్కిపడి లేచాడు. “మేస్టారూ, అదీ... కరెంటు...”

“కరెంటేనని కనబడతానే ఉంది! మా ఇంట్లోది లాక్కుంటున్నావా?”

“కాదండీ, ఒక్క ముక్క సెప్పనివ్వండి...”

“మనిషి లేని కొంపలో చెయ్యి పెట్టి, ఇంకా చెప్పేదేటి? దొంగవెధవా!”

మేస్టారు తాళం తీసి లోపలికి వెళ్ళి, వైరు పట్టుకుని ఒక్క లాగు లాగారు. తొట్టిలో బుడగలు ఆగిపోయాయి.

“ముందు ఆ గాలి పంపు ప్లగ్గు బోర్డులో పెట్టండి మేస్టారూ, బేగి! సేపకి ఊపిరాడదు.”

“నా చేప సంగతి నాకు నువ్వు చెప్తావా?”

అన్నారే గానీ ప్లగ్గు పెట్టారు. అది అంతవరకూ బోర్డులో ఎందుకు లేదో ఆలోచించలేదు. కోపం వస్తే మేస్టారికి బుర్ర పనిచెయ్యదు, గొంతొక్కటే పనిచేస్తుంది.

వీధిలో జనం పోగయ్యారు. సింగన్న వైరు చుట్టుకుని, తల దించుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు ఇల్లే ఖాళీ చేసేశాడు.

“చూశావా? తప్పు చేశాడు కాబట్టే పారిపోయాడు” అన్నారు మేస్టారు భార్యతో.

“ఏమోనండీ. అందరి ముందూ అంత మాట అనకుండా ఉండాల్సింది” అంది లీలా.

మేస్టారికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా పైకి ఒప్పుకోలేదు.

ఆ చేపంటే ఆయనకి ప్రాణం. విశాఖపట్నంలో కొన్న టాంగ్ చేప. జానెడు దాటి పెరిగింది. నీలంగా, పళ్ళెంలా ఉంటుంది. తోక మొదట్లో బ్లేడులాంటి ముల్లు. ఇంత పెరిగే చేపకి ఈ తొట్టి చాలదని అమ్మినవాడు చెప్పినా వినకుండా తెచ్చారు. పూడిమడక నుంచి క్యాన్లతో సముద్రం నీళ్ళు తెప్పించి పెంచారు.

పేరు యోనా, బైబిల్లో ప్రవక్తది.

“యోనా చేప కడుపులో ఉండాలి గానీ, చేపే యోనా ఏటండీ?” అని చర్చిలో తోమాగారు ఏడిపించేవారు.

కిందటేడు కరెంటు కోతలకి పంపు ఆగి, తొట్టిలో మిగతా చేపలన్నీ చచ్చిపోయాయి. ఈ ఏడు కోతలు మరీ ఎక్కువైనా యోనాకి ఏమీ కాలేదు.

“గట్టి ప్రాణం. కోతలకి అలవాటు పడిపోయింది” అని మేస్టారు అందరికీ గొప్పగా చెప్పుకున్నారు.

సింగన్న వెళ్ళిపోయిన తర్వాతి వారం ఒక రోజు పొద్దున పోయిన కరెంటు బడి వదిలేదాకా రాలేదు. భార్యాభర్తలిద్దరూ బడి నుంచి వచ్చేసరికి యోనా పక్కకి ఒరిగి తేలుతోంది. మేస్టారు చేత్తో పైకి తీస్తుంటే తోక ముల్లు అరచెయ్యి కోసింది.

“ఇన్నాళ్ళూ తట్టుకుంది కదా! ఇవాళేమొచ్చింది దీనికి?”

లీలా బోర్డు వైపు చూస్తూ నిలబడిపోయింది.

“ఏమండీ, మన బోర్డుకి ఉన్నది ఒకటే సాకెట్టు. ఆ రోజు మీరు లాగిన వైరు అందులోంచే ఊడిందా?”

మేస్టారు గుర్తు తెచ్చుకున్నారు. ఆ సాకెట్టు ఖాళీగా ఉంది. వైరు చివర ప్లగ్గు లేదు, ప్లగ్గు పెట్టుకునే పెట్టె ఉంది. పంపు ప్లగ్గు ఊడింది ఆ పెట్టెలోంచే. అప్పుడు ఫ్యాను తిరుగుతూనే ఉంది. కరెంటు వచ్చేసిందని, ఆ మనిషి తన వైరు తాను తీసుకోవడానికి వచ్చాడు.

సిగ్గుతో భార్య ముఖం చూడలేక పక్కింటికి నడిచారు.

పక్కింటి యజమాని దేవుడమ్మ ఆ గొడవకి ముందే మాకవరపాలెంలో కూతురింటికి వెళ్ళి, నిన్ననే తిరిగొచ్చింది.

“రండి మేస్టారూ. సెయ్యికేటయిందండీ?”

“చేప ముల్లు కోసింది. అది చచ్చిపోయింది. సింగన్నగారు ఎక్కడున్నారమ్మా?”

ఆ పేరుకి ‘గారు’ తగిలించడం అదే మొదటిసారి.

“తెలీదండీ. తాళం పంపించీసి ఎల్లిపోనాడు. రావికమతం అవతల ఆడి ఊరు. అక్కడికీ రాలేదంటన్నారు.”

“మా వరండాలోకి వైరు వేసింది మాకు కరెంటు ఇవ్వడానికేనా?”

“మరెందుకనుకున్నారు? ఆడికి ఇన్వర్టరుంది కదా. కరెంటు పోతే సాలు, వైరట్టుకుని మీ గుమ్మంలోకి పరుగెట్టీవోడు. మేస్టారికో మాట సెప్పరా అంటే, ‘రెండుసార్లు ఎల్లేనమ్మా, తర్వాత రమ్మన్నారు’ అన్నాడు.”

నిజమే. గుమ్మంలోనే నిలబెట్టి, విషయమేటని కూడా అడక్కుండా పంపేశారు.

“ముక్కూ ముఖం తెలీని నా చేప కోసం ఎందుకమ్మా అంత ఆత్రం?”

“నేనూ అడిగేనండి. ఆ బుడగల సప్పుడు ఆగిపోతే ఉండలేనమ్మా అన్నాడు.”

దేవుడమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“ఆడి పెళ్ళానికి ఊపిరి మిషను ఉండీదండీ, ఓ పూట కరెంటు పోయి ఆ మిషను ఆగిపోతే పోనాది... పెళ్ళాం కోసం కొట్లో సెప్పిన ఇన్వర్టరు, ఆ పిల్ల పోయిన మర్నాడు ఇంటికొచ్చింది.”