పియానో కడుపులో నగలు

బేతంచెర్ల గురమ్మ తన నగలన్నీ పియానో కడుపులో దాచిందన్న మాట డోన్ స్టేషన్ టీ కొట్టు దగ్గర తిమ్మన్న చెవిన పడింది. పియానో అంటే ఏమిటో అతనికి తెలియదు. కడుపు ఉందన్నారు కాబట్టి ఏదో జంతువే అయివుంటుందనుకున్నాడు.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు అది. తిమ్మన్న కడప జైలు నుంచి అప్పుడే బయటికొచ్చాడు. ఎలాంటి తాళమైనా చెవి ఆనించి విని, సన్నటి తీగతో తీసెయ్యగలడు. ఇక ఒకే ఒక్క దొంగతనం, అంతటితో సరి అని జైల్లోనే ఒట్టు పెట్టుకున్నాడు. "మళ్లీ వచ్చినావంటే ఇంక నీ శవమే బయటికి పోయేది" అని జైలరు చెప్పి మరీ పంపాడు.

వాకబు చేస్తే పియానో అంటే వాయించే పెట్టె అని తేలింది. గురమ్మ మొగుడు నాపరాళ్ల గనులున్న రెడ్డి. పాండిచ్చేరిలో ఒక ఫ్రెంచి దొర ఇల్లు అమ్ముకుని పోతుంటే ఆ పెట్టెను ముచ్చటపడి తెచ్చుకున్నాడట. రెడ్డి పోయాడు. పెట్టె మూలపడింది.

తిమ్మన్న తెల్లచొక్కా తొడుక్కుని, సంచిలో నాలుగు పనిముట్లు వేసుకుని గురమ్మ వాకిట్లో నిలబడ్డాడు.

"అమ్మా, నేను మద్రాసులో పియానోలు బాగుచేసేటోణ్ణి. మీ ఇంట్లో ఒకటి ఉండాదని తెలిసి వచ్చినా."

"దేవుడు పంపినట్టు వచ్చినావు నాయనా! కూలి ఏం తీసుకుంటావు?"

"సంగీతానికి కూలి ఏందమ్మా? ఇంత కూడు పెట్టండి, చాలు."

కొట్టుగదిలో శనక్కాయల మూటలు దించితే అడుగున నల్లగా బయటపడింది. మూడు కాళ్లు, ఎద్దులబండంత ఒళ్లు, మూత మీద వెలిసిపోయిన బంగారు రంగు అక్షరాలు. తిమ్మన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. దీన్ని ఎత్తుకుపోవడం పదిమంది వల్ల కూడా కాదు. ఇక్కడే విప్పి చూసుకోవాలి.

మూతకు తాళం వేసివుంది, తాళంచెవి లేదు. తిమ్మన్న కన్నుమూసి తెరిచేలోగా తీశాడు. గురమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"మద్రాసు పనితనమంటే మద్రాసు పనితనమేనప్పా!"

లోపల ఎలుకల గూళ్లు, శనక్కాయ తొక్కలు. నగల కోసం చెయ్యి లోపలికి పోనిచ్చేలోగా గురమ్మ పక్కనే పీట వాల్చుకుని కూర్చుంది.

"నువ్వు చేస్తాండు. నేను చూస్తాంటా. నాకు మాత్రం యాడ పొద్దుపోతాది?"

ఆమె ఆ పీట మీంచి లేస్తే ఒట్టు. వెతకాలంటే విప్పాలి. విప్పింది బాగుచెయ్యాలి, బాగుచేసింది మళ్లీ బిగించాలి. తిమ్మన్నకు వేరే దారి లేకపోయింది.

వేళ్లతో నొక్కి వాయించే మెట్లన్నీ ఊడబీకాడు. వాటి కింద ఏమీ లేదు. ఊడబీకిన పాపానికి వాటిని కడిగి వాకిట్లో చాప మీద ఆరబెడితే, ఏ రాక్షసుడి పళ్లో ఎండకు వేసినట్టుంది. దారినపోయేవాళ్లు ఆగి దండం పెట్టి పోయారు. తీగల్ని కొట్టే చిన్న సుత్తులు తీశాడు. వాటి వెనకా ఏమీ లేదు. వాటి ఉన్ని ఎలుకలు తినేస్తే, గొర్రెలు కాసే కురుబల దగ్గర కంబళి తెచ్చి, కత్తిరించి అంటించాడు. తీగలు సగం తెగిపోయి ఉన్నాయి. ఆఖరి దొంగతనం కోసం ఇంకో దొంగతనం చెయ్యక తప్పలేదు. పక్క ఊరి భజన మందిరంలో తంబూరాలు ఒక మధ్యాహ్నం మూగబోయాయి.

ఇంట్లో ఉన్న హార్మోనియం ముందు పెట్టుకుని తీగలకు శ్రుతి చేశాడు. తాళంలో మీట కదిలే చప్పుడు పట్టే చెవికి, తీగ శ్రుతిలో పడ్డ క్షణం తెలియకుండా పోతుందా? ఒకరోజైతే ఆ పనిలో పడి నగల సంగతే మరిచిపోయాడు. గుర్తొచ్చాక తన తలమీద తనే మొట్టుకున్నాడు.

ఎండాకాలం అయిపోవచ్చింది. చివరికి పియానో కిందికి దూరి, వెల్లకిలా పడుకుని అడుగుచెక్క కూడా తట్టి చూశాడు. సాలెపురుగు ఒకటి మొహం మీద పడింది. విప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. అంటే బాగుచెయ్యడానికీ ఏమీ మిగల్లేదు.

గురమ్మ కొంగు బిగించి పియానో ముందు కూర్చుంది. రెండే రెండు వేళ్లతో మంగళహారతి పాట వాయించింది. ఇల్లంతా ఖంగుమంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా రెడ్డి పోయినాంక ఇది నోరు తెరవడం ఇదే నాయనా."

తిమ్మన్నకు కడుపులో మాట ఆగలేదు.

"అమ్మా, అడగకూడదు గానీ... దీంట్లో శానా నగలు దాచినారని జనం అనుకుంటాండారు. నాకు ముక్కుపుడక గూడా కనపడలేదే?"

"నగలు యాడివప్పా? రెడ్డికి జబ్బు చేసినప్పుడే అన్నీ పాయె."

తిమ్మన్న సంచి సర్దుకున్నాడు. గురమ్మ జొన్నరొట్టెలు, ఊరుబిండి పచ్చడి మూటగట్టి చేతిలో పెట్టింది. గడప దాటుతుంటే మళ్లీ పిలిచింది.

"నాయనా, డోన్‌లో దిగినాక ఆ టీ కొట్టు కాడ నలుగురూ వినేటట్టు ఒక మాట అనిపో," అంది గొంతు తగ్గించి. "గురమ్మ నగలు పియానోలో లేవంట, మిద్దె కప్పులో దాచిందంట అని. వానలొచ్చే లోపల కప్పు బాగుచేయించుకోవల్ల."